పాటలీపుత్రం మాట ఎర్రగుడికి ఎలా చేరింది?

సభకు నమస్కారం.

అశోకుడు అనగానే కళింగ యుద్ధం, పశ్చాత్తాపం, ధర్మచక్రం. స్కూల్లో మన పాఠం అంతటితో అయిపోయేది. ఈ రోజు నేను ఆయన ఆఫీసు సంగతి మాట్లాడదామనుకుంటున్నాను. కాందహార్ నుంచి కర్ణాటక దాకా రాజ్యం. చదవడం వచ్చినవాళ్లు బహు తక్కువ. పాటలీపుత్రంలో రాజు అన్న మాట వెయ్యి కిలోమీటర్లు దాటి మన కర్నూలు జిల్లా ఎర్రగుడికి ఎలా వచ్చినట్టు?

జవాబు ఆ ఎర్రగుడి బండ మీదే ఉంది. అక్కడి చిన్న శిలాశాసనంలో రాజు జనంతో నేరుగా మాట్లాడడు. రజ్జుకులకు ఆజ్ఞ ఇవ్వమంటాడు. రజ్జుకులంటే లక్షలాది జనం మీద అధికారం ఉన్న ఉద్యోగులు. వాళ్లు భేరి మోగించి పల్లె జనానికీ, రాష్ట్రికులకూ, అంటే ప్రాంతీయ అధికారులకూ, చెప్పాలి. ఏం చెప్పాలి? తల్లిదండ్రుల మాట వినమని, ప్రాణుల మీద దయ చూపమని, నిజం పలకమని. ఆపైన మావటీలు, కరణాలు, బ్రాహ్మణులు ఎవరి శిష్యులకు వాళ్లు ఇదే నేర్పాలి. అంటే ఊళ్లో జనానికి అందింది రాత కాదు, చాటింపు. బండ మీద ఉన్నది అధికారుల ఫైలు అనుకోండి. ఆ ఫైల్లో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చెక్కినవాడికి ఏం తోచిందో ఏమో!

నాకు ఇంకా ముచ్చటేసేది చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరి శాసనం. 'సువర్ణగిరి నుంచి ఆర్యపుత్రుడూ మహామాత్రులూ ఇసిలలోని మహామాత్రుల క్షేమం అడిగి చెప్పేదేమంటే' అని మొదలవుతుంది. మహామాత్రులంటే పై స్థాయి అధికారులు, ఇసిల ఈ బ్రహ్మగిరి ప్రాంతపు పాత ఊరు. అసలు ఆజ్ఞ ఆ తర్వాతే వస్తుంది. పై ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులర్‌ని కవరింగ్ లెటర్‌తో సహా నోటీసు బోర్డుకి అంటించేసినట్టు, కుశలప్రశ్నలు కూడా రాతికెక్కాయి. మనకు మాత్రం అదృష్టమే. పాటలీపుత్రానికీ ఇసిలకూ మధ్య సువర్ణగిరిలో ఒక రాజకుమారుడు కూర్చుని దక్షిణాన్ని చూసేవాడని దీనివల్లే తెలిసింది. ఆ సువర్ణగిరి మన జొన్నగిరే అని కొందరు, కర్ణాటక కనకగిరి అని కొందరు వాదిస్తారు. మనవాళ్లకు జొన్నగిరి మీద మక్కువ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

అదే శాసనం చివర చపడుడనే లేఖకుడి పేరుంది. శాసనమంతా బ్రాహ్మిలో రాసి, తన వృత్తి పేరు మాత్రం ఖరోష్ఠి లిపిలో పెట్టాడు. ఖరోష్ఠి వాయవ్యంలో, గాంధారం వైపు వాడిన లిపి. బహుశా అక్కడ ఉద్యోగం చేసి, ఇంత దూరం బదిలీ మీద వచ్చి ఉంటాడు.

ఇక కింది నుంచి పైకి వెళ్లే వార్తల సంగతి. అశోకుడి పద్నాలుగు పెద్ద శిలాశాసనాల్లో ఆరోదానిలో రాజు అంటాడు: నేను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానవనంలో ఉన్నా సరే, ప్రతివేదకులు, అంటే వార్తలు తెచ్చే ఉద్యోగులు, ప్రజల పనులు వెంటనే నాకు చెప్పాలి. దాని పక్కనే ఇంకో ముక్క ఉంది. నేను నోటితో ఇచ్చిన ఆజ్ఞ మీద పరిషత్తులో వివాదం వస్తే, అదీ ఆలస్యం లేకుండా నాకు తెలియాలి అని. రాజుకు అంత దగ్గరగా ఉన్న మంత్రుల సభలోనే ఆయన మాటకు రెండర్థాలు పుడుతుంటే, భేరి మోగే పల్లెకు చేరేసరికి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ టెన్షన్ ఆయనకూ ఉంది. పద్నాలుగో శాసనంలో ఒప్పుకున్నాడు కూడా: కొన్నిచోట్ల రాత అసంపూర్ణంగా ఉంటే, అందుకు లేఖకుడి తప్పు కూడా ఒక కారణం కావచ్చునని. ఆ వాక్యాన్నీ లేఖకులే చెక్కారు.