కెమిక్లీన్ రివ్యూ: మెరైన్ ట్యాంక్‌లో ఎర్ర పాచికి ఇది మందేనా?

నమస్తే అండి. ముందుగా ఈ మెరైన్ ట్యాంక్, అంటే ఉప్పునీటి అక్వేరియం, అడుగున ఉన్న ఇసుకను దగ్గర నుంచి చూడండి. వెల్వెట్ గుడ్డ పరిచినట్టు ముదురు ఎరుపు పొర, దాని మీద సన్నటి గాలి బుడగలు. ఇదే సయనోబాక్టీరియా. వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది కాబట్టి ఆ బుడగలు. చూడ్డానికి నాచులా ఉన్నా ఇది బాక్టీరియా. నాచు తినే నత్తలు, ట్యాంగ్ చేపలు దీన్ని పెద్దగా ముట్టుకోవు.

దీనికి చాలామంది వాడే పొడి కెమిక్లీన్. అమెరికాలోని బాయ్డ్ ఎంటర్‌ప్రైజెస్ తయారు చేస్తుంది. ఇందులో ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ లేదని లేబుల్ మీదే రాశారు. అయినా హాబీలో ఉన్నవాళ్ళలో అనుమానం పోలేదు. యాంటీబయాటిక్ అయితే చేపల వ్యర్థాల అమ్మోనియాను తినే మంచి బాక్టీరియా కూడా చావొచ్చు. అందుకే నేను ఇది వేసిన ప్రతిసారీ అమ్మోనియా టెస్ట్ చేస్తాను.

వేసే ముందు ఒక్క పని తప్పకుండా చేయండి. మీ ట్యాంక్‌లో ఉన్నది సయనోనా, లేక డైనోఫ్లాజెల్లేట్లు అనే వేరే ఏకకణ జీవులా అన్నది తేల్చుకోండి. డైనోలు గోధుమ రంగులో, ముక్కు చీమిడిలా తీగలు సాగుతూ ఉంటాయి, వాటికీ బుడగలు వస్తాయి. కొంచెం పాచి తీసి, ట్యాంక్ నీళ్లతో సీసాలో గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. కిందకి దిగిన నీళ్లను గంటసేపు లైటు కింద ఉంచండి. మళ్ళీ తీగలుగా కలుసుకుంటే డైనోలు అనుకోవచ్చు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే మైక్రోస్కోప్ ఉండాలి. డైనోల మీద ఈ పొడి పనిచేయదు, డబ్బు దండగ.

ఇప్పుడు వాడే పద్ధతి. ముందు సన్నటి ఎయిర్‌లైన్ పైపుతో పొరను లాగేయండి, ఎంత వస్తే అంత. దీన్ని వదిలేస్తే ఆ బాక్టీరియా అంతా నీళ్లలోనే చచ్చి కుళ్ళుతుంది, ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు చనిపోతే చాలాసార్లు కారణం ఇదే. తర్వాత ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయండి, నీళ్లను శుభ్రం చేసే యూవీ లైటు ఆపండి, స్కిమ్మర్‌కు, అంటే మురికిని నురగతో బయటకు లాగే పరికరానికి, ఉన్న కప్పు తీసేయండి. 10 గ్యాలన్లకు, అంటే సుమారు 38 లీటర్లకు, ఒక స్కూప్ (కొలత చెంచా) పొడి. రాళ్ళు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి లెక్క వేయండి. నీళ్లలోకి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ మాత్రం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. కరెంటు పోయే ఏరియా అయితే బ్యాటరీ ఎయిర్ పంపు పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. 48 గంటలయ్యాక 20 శాతం నీళ్లు మార్చాలి.

నా ట్యాంక్‌లో ఇసుక మళ్ళీ తెల్లగా వచ్చింది, కోరల్స్ (పగడపు జీవులు) తెరుచుకునే ఉన్నాయి, అమ్మోనియా పెరగలేదు. ఇబ్బంది ఒక్కటే, స్కిమ్మర్. తర్వాత కూడా నురగ పొంగి పొర్లుతూనే ఉంటుంది. నీళ్లు మార్చి, కార్బన్ తిరిగి పెట్టేదాకా దారికి రాదు.

అయితే పాచి ఎందుకు వచ్చిందో చూడకపోతే అది మళ్ళీ వస్తుంది. చాలామంది నైట్రేట్ సున్నా అయితే గెలిచామనుకుంటారు. నాకైతే ఆ సున్నా చూస్తేనే టెన్షన్. కొన్ని సయనోలు నీళ్లలో కరిగిన నైట్రోజన్ వాయువునే వాడుకోగలవు. నైట్రేట్ లేక మిగతా నాచు, బాక్టీరియా పస్తులుంటే, ఆ ఖాళీలో ఇది పాకుతుంది. నైట్రేట్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండేలా చూసుకోండి. ఇసుక మీద నీళ్లు కదలకుండా నిలిచే మూలలు ఉంటే నీళ్లను కదిలించే పంపు, అదే పవర్‌హెడ్, దిశ మార్చండి. ఫ్రోజెన్ ఫుడ్ కరిగించిన నీళ్లు ట్యాంక్‌లో పోయకండి.

ఇక మన నీళ్ల సంగతి. హైదరాబాద్ బోర్ నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, వందల్లో ఉంటుంది. వంటింట్లో తాగే ఆర్వో సరిపోదు, కొన్ని మెషిన్లు మినరల్స్ మళ్ళీ కలుపుతాయి కూడా. మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ స్టేజ్ పెట్టించి, మీటర్ 0 చూపించాకే ఉప్పు కలపండి.

కొత్త ట్యాంక్ వాళ్ళు దీన్ని కొనొద్దు. లాగేయడం, నీటి ప్రవాహం పెంచడం, మూడు రోజులు లైట్లు ఆపడం, ముందు ఇవి చేసి చూడండి. ఇవన్నీ చేసినా కోరల్స్ మీదకి పాకుతుంటే, అప్పుడు ధైర్యంగా తీసుకోండి. నా మార్కులు 10కి 7. అయినా మీకు పోకపోతే, ట్యాంక్ వయసు, నైట్రేట్, ఫాస్ఫేట్ రీడింగులు కింద కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను.