కౌన్సిలర్ మీద కాయితం పెట్టేముందు

అందరికీ నమస్కారం. మైకు కొంచెం ఇటు జరపండి బాబూ, వెనక పెద్దవాళ్లు కూర్చున్నారు.

నేను మున్సిపాలిటీలో చేసి రిటైరయ్యాను, ఏ ఊరో అడక్కండి, మన విజయనగరం శ్రీకాకుళం చుట్టుపక్కలే. చాలా ఏళ్లు తపాలు సెక్షన్‌లో ఉన్నాను, అంటే జనం పట్టుకొచ్చే కాయితాలన్నీ ముందు నా టేబుల్ మీదే పడేవి, స్టాంపు గుద్ది ఇన్‌వర్డ్ నంబరేసి లోపలికి పంపడం నా పని. కౌన్సిలర్ల మీద వచ్చిన కంప్లైంట్లు బోలెడు చదివాను. వాటిలో చాలామటుకు నా టేబుల్ దగ్గరే చచ్చిపోయినట్టు లెక్క, రాసినాయనకి మాత్రం ఆ సంగతి తెలీదు.

ఒకాయన ఏడు పేజీలు రాసుకొచ్చాడు. మా కౌన్సిలర్ దుర్మార్గుడు, రౌడీ, వార్డుని తినేస్తున్నాడు, వాళ్ల నాన్నా అలాంటోడే అని. ఏడో పేజీ ఆఖర్న మాత్రం, మేం ఇల్లు కట్టుకుందామని ఇసుక దింపించుకున్నాం, అదే సాయంత్రం ఆయన బామ్మర్ది బండేసుకొచ్చి స్లాబు పడాలంటే ఇరవై వేలు అన్నాడు అని ఉంది. అయ్యా, కంప్లైంటంటే ఆ రెండు లైన్లే కదా! మిగతాదంతా తిట్లు. తిట్ల మీద ఎంక్వైరీ ఆఫీసరు ఏటి రాస్తాడు? నిర్దిష్ట ఆధారాలు లేవు అని రాసి ఫైలు కట్టేస్తాడు. అదే జరిగింది.

కంప్లైంటులో రాయాల్సింది ఇదీ: ఏ తారీకు, ఎన్ని గంటలకి, ఎక్కడ నిలబడి, ఏ పనికి ఎంత అడిగాడు, పక్కన ఎవరున్నారు, తర్వాత ఫోన్ చేశాడా. అంతే, ఒక్క పేజీ. మేస్త్రీ అక్కడే ఉంటే మేస్త్రీ పేరు కూడా రాయండి, కాకపోతే ముందు ఆయన్ని అడిగి రాయండి, పాపం ఆయనకీ రేపు ఆ వార్డులోనే పని కావాలి.

ఇంక ఎక్కడ ఇవ్వాలి అన్నది. మనోళ్లు దేనికైనా సోమవారం కలెక్టరేట్‌కే పోతారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు, అదే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం, పేరేదైనా క్యూ అదే. తప్పని కాదు. కానీ మీరు కలెక్టరు చేతికిచ్చిన కాయితం మళ్లీ కమిషనర్‌కి వస్తుంది, అక్కడ్నించి ఎవరో ఇన్‌స్పెక్టర్‌కి ఎండార్స్ అవుతుంది, ఆయన రోజూ ఆ కౌన్సిలర్‌తోనే టీ తాగుతాడు. ఒకసారి పొద్దున్నొచ్చిన పిటిషన్ జిరాక్సు సాయంత్రానికి కౌన్సిలర్ జేబులో చూశాను నేను, ఎవరిచ్చారంటే ఎవరూ చెప్పరు. కాలవ తీయించలేదు, లైటు వేయించలేదు అంటే కలెక్టరేట్ చాలు. డబ్బులడిగితే మాత్రం అక్కడికెందుకు, ఏసీబీకి, అంటే అవినీతి నిరోధక శాఖకి పోండి, 1064కి ఫోన్ చేయండి. కౌన్సిలరు కూడా చట్టం దృష్టిలో పబ్లిక్ సర్వెంటే, లంచం కేసు రుజువైతే 3 నుంచి 7 ఏళ్లు. బామ్మర్ది అడిగాడు కదా ఆయనకేం సంబంధం అంటారు, పలుకుబడి చూపించి డబ్బు తీసుకున్న మధ్యవర్తికి కూడా అవినీతి నిరోధక చట్టంలో వేరే సెక్షనుంది, 7ఎ, శిక్ష అంతే.

ఇక్కడ ఒక్కటి గట్టిగా పట్టుకోండి. 2018లో ఆ చట్టం మార్చారు, ఇప్పుడు లంచం ఇచ్చినోడిది కూడా నేరమే. బలవంతం మీద ఇవ్వాల్సొస్తే ఇచ్చిన 7 రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో చెప్పుకోవాలి, అప్పుడే మీకు రక్షణ. ఆరు నెలలయ్యాక గొడవొచ్చి, నా దగ్గర తీసుకున్నాడండీ అంటే మీరే ఇరుక్కుంటారు. అందుకే ఇవ్వకముందే ఏసీబీకి వెళ్లడం మంచిది, నోట్ల నంబర్లు రాసుకుని పౌడరు రాసి వాళ్లే పంపిస్తారు, తీసుకున్నాక చేతులు కడిగిస్తే నీళ్లు గులాబీ రంగు తిరుగుతాయి, అది మీరు టీవీలో చూసిందే.

కాంట్రాక్టుల సంగతి వేరు. కౌన్సిలరుకి తన కౌన్సిల్ పనిలో వాటా ఉండకూడదు, ఉంటే పదవికే అర్హత పోతుంది. బినామీ పేరున చేస్తాడు కాబట్టి అరిచి లాభం లేదు, కాయితం కావాలి. పది రూపాయలు పెట్టి సమాచార హక్కు కింద ఎస్టిమేటు, బిల్లు, ఎం బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీలు అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఆ రోడ్డు మెటీరియల్ శాంపిల్ తీసుకునే హక్కు కూడా మీకుంది, ఇది చాలామందికి తెలీదు. ఎం బుక్‌లో మందం ఆరంగుళాలని ఉండి మీ వీధిలో మూడే ఉంటే ఇంక మీరు తిట్టక్కర్లేదు.

మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్లవి, మీటింగు బయట నడిపేది భర్తలు. ఎవరి మీద రాయాలి అని అడుగుతారు. సంతకం ఆవిడది, డబ్బు అడిగింది ఆయన అయితే ఇద్దరి పేర్లూ, ఎవరేం చేశారో విడివిడిగా రాయండి. పల్లెల్లో సర్పంచి అయితే పంచాయతీరాజ్ చట్టం 249 కింద కలెక్టరుకి తీసేసే అధికారముంది. శ్రీకాకుళం టౌను వాళ్లకి చాలా ఏళ్లు ఈ బాధే లేకపోయింది లెండి, కార్పొరేషన్ అయ్యాక ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు, తిట్టుకోడానికి కార్పొరేటరు కూడా లేకపోయాడు!

నవ్వకండి, ఇంకొకటుంది. అవతలాయనకి నోటీసిచ్చారు, వివరణ అడిగారు అనగానే మనోళ్లు కుమ్మక్కయ్యారంటారు. నోటీసివ్వకుండా తీసేస్తే హైకోర్టులో ఆ ఆర్డరు నిలబడదు, ఆయన దండలేసుకుని మళ్లీ మీ వీధిలోకే వస్తాడు. పైగా ఎలక్షన్ ముందు ఒకే చేతిరాత, నాలుగు సంతకాలతో వచ్చిన పిటిషన్లూ నేను చూశాను, అలాంటోటికి ఆ కౌన్సిలర్ జవాబు వినకపోతే ఎలాగ?

కాయితం ఎక్కడిచ్చినా ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండా కౌంటరు ఒగ్గకండి. సరే, టీ వచ్చినట్టుంది. ఎవరికైనా రాయించుకోవాల్సినవుంటే తాగేసి రండి, కళ్లజోడు తెచ్చుకున్నాను, తెల్లకాయితాలూ ఉన్నాయి, ఎదురుగా జిరాక్సు షాపు ఎనిమిదిన్నరకి మూసేస్తాడు.