నాన్న ఆల్టోకి కొత్త సెట్టు

అల్లుడు: నమస్కారం. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి మా మావయ్యని కూర్చోబెట్టాను. ఇక్కడా, అటు పాతపట్నంలోనూ ముప్పై ఏళ్లుగా కార్ల వైరింగ్ పని చేస్తున్నారు. మావయ్యా, నాన్న ఆల్టో సంగతితోనే మొదలుపెడదామా?

మావయ్య: చెప్పు. ఆ బండి నా దగ్గరికి వచ్చిన రోజు నాకు ప్రాణం ఉసూరుమంది.

అల్లుడు: 2006 బండి. పాత క్యాసెట్ డెక్కు పాడైతే ఒక షాపులో బ్లూటూత్ సెట్టు పెట్టించాను. పాట బాగానే వచ్చేది. కానీ రెండు రోజులు బండి తీయకపోతే మూడో రోజు స్టార్ట్ అయ్యేది కాదు. బ్యాటరీ మార్చాను, కొత్తదీ దిగిపోయింది. అమ్మని బరంపురం ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన పొద్దున బండి కదల్లేదు. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది.

మావయ్య: సెట్టు బయటికి లాగి చూస్తే బండితో వచ్చిన కప్లర్, అంటే వైర్లన్నీ ఒకేసారి గుచ్చే ప్లగ్గు, కోసేసి ఉంది. పసుపు, ఎరుపు వైర్లు రెండూ కలిపి మెలిపెట్టి, టేపు చుట్టేశారు. పసుపు వైరులో ఎప్పుడూ 12 వోల్టులు ఉండాలి. గడియారం, స్టేషన్ల మెమరీ దాని మీదే నిలుస్తాయి. ఎరుపులోకి తాళం తిప్పితేనే కరెంటు రావాలి. రెండూ నేరుగా బ్యాటరీకి కలిపేస్తే, తాళం తీసినా సెట్టు పడుకోదు. రాత్రంతా కొంచెం కొంచెంగా లాగుతూనే ఉంటుంది.

అల్లుడు: మరి రెండూ తాళం మీదే పెట్టేస్తే?

మావయ్య: బ్యాటరీ నిలుస్తుంది, కానీ తాళం తీసినప్పుడల్లా స్టేషన్లు, సెట్టింగులు పోతాయి. అందుకే వేరు వేరు వైర్లు ఇచ్చారు. బండి మోడల్ చెబితే దానికి సరిపడే కప్లర్ దొరుకుతుంది. ఒకవైపు బండి సాకెట్‌కి, రెండోవైపు సెట్టుకి. ఒక్క వైరు కూడా కొయ్యక్కర్లేదు. కోసేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తుంది అల్లుడూ. ఏళ్ల నాటి వైరు, పైన ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. ఉత్తినే మెలిపెట్టిన అతుకు గతుకుల్లో వదులవుతుంది, వేడెక్కుతుంది.

అల్లుడు: తెల్లవి, బూడిద రంగువి స్పీకర్లవే కదా?

మావయ్య: అవును. తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల చార ఉన్నది మైనస్. అయితే ఇవి కొత్త సెట్టు వైపు రంగులు, బండి వైపు రంగులు వేరే ఉంటాయి. మీటరు పెట్టి చూడకుండా కలపకూడదు.

అల్లుడు: నేను పెద్ద స్క్రీన్ అడిగితే మీరు ఒప్పుకోలేదు.

మావయ్య: డిన్ అంటే డ్యాష్‌బోర్డులో సెట్టు పట్టే చోటు కొలత. మన బండిలో ఉన్నది సింగిల్ డిన్ చోటు, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. పెద్ద స్క్రీన్ పట్టే డబుల్ డిన్‌కి 100 ఎత్తు కావాలి. మీ నాన్న అంత జాగ్రత్తగా తుడుచుకునే డ్యాష్‌బోర్డుని కోస్తానంటే నాకు మనసు రాలేదు. ఆ డబ్బు ముందు తలుపుల్లో పెట్టించాను. మంచి స్పీకర్లు, రేకు అదరకుండా లోపల డ్యాంపింగ్ షీటు. స్పీకర్ కొనేముందు అద్దం పూర్తిగా దించి లోతు కొలవాలి, లేకపోతే మాగ్నెట్‌కి అద్దం తగులుతుంది.

అల్లుడు: సెట్టు పెట్టె మీద 50 వాట్లు నాలుగు అని రాసుంది. అంత వస్తుందా?

మావయ్య: సెట్టు వెనక ఫ్యూజు చూడు, 10 ఆంపియర్లు. బండి నడిచేటప్పుడు 14 వోల్టులు అనుకో. గుణిస్తే 140 వాట్లు. అందులోనూ కొంత వేడిగా పోతుంది. 200 ఎక్కణ్నుంచి వస్తాయి? నిలకడగా వచ్చేది ఒక్కో స్పీకర్‌కి 20 వాట్లకి అటూ ఇటూ. చిన్న బండికి అది చాలు.

అల్లుడు: అమ్మకి మాత్రం రేడియోనే కావాలి.

మావయ్య: అందుకే ఏఎం, అంటే మీడియం వేవ్, ఉన్న సెట్టు తెమ్మన్నాను. చాలా చవక సెట్లలో అది ఉండదు. గుణుపురం వైపు కొండల్లోకి వెళ్తే ఎఫ్‌ఎం తెగిపోతుంది, దానికి కొండ అడ్డు. మీడియం వేవ్ నేల పట్టుకుని సాగుతుంది. ఇంకో సంగతి. నీ సెట్టులో రీజియన్ అమెరికా అని ఉంది. అప్పుడు స్టేషన్లు పదేసి కిలోహెర్ట్జ్‌లు దూకుతాయి, 920 తర్వాత 930. విశాఖపట్నం 927. దాని మీద సరిగ్గా ఎలా ఆగుతుంది? మన దగ్గర అంతరం 9.

అల్లుడు: అది మార్చగానే విశాఖ పట్టింది. అమ్మ కారులోంచి దిగనంది! కానీ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కుయ్‌మని సన్నగా వస్తోంది, మావయ్యా.

మావయ్య: ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతోందా?

అల్లుడు: పెరుగుతోంది.

మావయ్య: ముందు ఎర్త్ చూడాలి, అంటే సెట్టు నల్ల వైరు బండి రేకుకి కలిసే చోటు. ఇక్కడ ఒడియాలో అడిగేవాళ్లూ, తెలుగులో అడిగేవాళ్లూ ఎర్తే అంటారు, ఎక్కువ బళ్లు దాని కోసమే వస్తాయి. నల్ల వైరు పెయింట్ మీద బిగించి ఉంటుంది. ఆదివారం బండి తీసుకురా. బోల్టు కింద పెయింట్ గీకి, మెరిసే రేకు మీద బిగిద్దాం.

అల్లుడు: పొద్దున్నే వచ్చేస్తాను, అమ్మ కూడా వస్తుంది.