మీ నాయనమ్మది ఏ ఊరు?

(ఎడిన్‌బరాలో తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలకు ముందు నా చేతికి మైకు ఇచ్చారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను.

మా అక్క కూతురికి కిందటేడు పెళ్ళి కుదిరింది. అబ్బాయి ఇక్కడివాడే, ఇంటిపేరు మిల్లర్. పెళ్ళికి కిల్ట్, అదే స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు కట్టుకునే కుచ్చిళ్ల గళ్ల వస్త్రం, కట్టుకుంటానన్నాడు. మా బావగారు ఫోటో చూసి, "గళ్ల లుంగీయేగా, చీరాలలో నేయించి పంపనా?" అన్నారు. మాది నేత కుటుంబం లెండి, గళ్లు కనబడితే ధర కట్టకుండా ఉండలేరాయన. లుంగీకి రెండు మీటర్లు చాలు గానీ, పద్ధతిగా కుట్టే కిల్ట్‌కి ఎనిమిది గజాలు కావాలి, మన తొమ్మిది గజాల చీరకు ఒక్క గజమే తక్కువ అని చెబితే ఫోన్లో కాసేపు మాట లేదు.

చిక్కంతా ఏ గళ్లు అన్న దగ్గర వచ్చింది. అబ్బాయితో పాటు నేనూ ఒక షాపుకి వెళ్ళాను. ఇంటిపేరు అడిగారు. మిల్లర్ అనగానే పట్టికలో చూసి, అది మాక్‌ఫార్లేన్ వంశానికి అనుబంధ పేరని చెప్పి ఎర్ర గళ్ల తాను తీసి బల్ల మీద పరిచారు. మిల్లర్ అంటే పిండిమర ఆడించేవాడు. స్కాట్లండ్‌లో వాగు పారే ప్రతిచోటా ఒక మర, మరకో మిల్లర్. వాళ్ళంతా లోమండ్ సరస్సు దగ్గరి మాక్‌ఫార్లేన్ల మనుషులు ఎలా అవుతారు? కమ్మరి అని ఇంటిపేరున్న వాళ్ళందరినీ తీసుకెళ్ళి ఒకే జమీందారు కింద రాసినట్టుంది. ఆ అబ్బాయి మొహమాటపడి ఊరుకున్నాడు. నేను బట్ట కొననివ్వలేదు.

వంశానికో టార్టన్, అంటే వాళ్ళకే ప్రత్యేకమైన గళ్ల నమూనా, అనాదిగా వస్తోందని మనందరికీ ఒక నమ్మకం. 1703లో మార్టిన్ మార్టిన్ అనే స్కై ద్వీపవాసి రాసిన వివరం చూడండి. గళ్ల దుప్పటి చూడగానే ఆ మనిషి ఏ ప్రాంతం వాడో పోల్చుకోవచ్చు అన్నాడు. ప్రాంతం అన్నాడు, వంశం అనలేదు. అందులో వింతేమీ లేదు. ఊళ్ళో ఉన్న సాలెవాడు తనకొచ్చిన నమూనాలు నేస్తాడు, చుట్టుపక్కల వాళ్ళు అవే కడతారు. చీరాల రుమాలు, పుట్టపాక తేలియా అని మనం ఊరి పేరుతో బట్టను గుర్తుపట్టడం లేదా?

తర్వాత 1746లో కల్లోడెన్ యుద్ధంలో, రాజు మీద తిరగబడ్డ జాకోబైట్లు ఓడాక, స్కాట్లండ్‌లో మగవాళ్ళు హైలండ్స్ వేషం, అంటే ఉత్తరాది కొండ ప్రాంతం వాళ్ళ వేషం, వేయకూడదని చట్టం చేశారు. సైన్యంలో ఉన్నవాళ్ళకు మాత్రం మినహాయింపు. 1782లో దాన్ని ఎత్తేశారు. ఈలోగా బానక్‌బర్న్‌లో విల్సన్ కుటుంబం పెద్ద నేత వ్యాపారం పెట్టింది. వాళ్ళు నమూనాలకు నంబర్లు వేశారు, అబర్డీన్ లాంటి ఊళ్ళ పేర్లు పెట్టారు. 1822లో నాల్గో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ ఆ సంబరాన్ని నడిపించాడు. వంశపెద్దలంతా టార్టన్ వేసుకుని రమ్మన్నారు. ఇక చూడండి, మా వంశానిది ఏది అంటూ బట్టల వాళ్ళ దగ్గర హడావిడి! అప్పటిదాకా నంబరుతో పడి ఉన్న కొన్ని గళ్లు ఆ తర్వాత వంశాల పేర్లు తెచ్చుకున్నాయి. వ్యాపారం చేసేవాళ్ళని నేను తప్పుపట్టను, మా తాతా అదే చేసేవాడు.

సరే, మిల్లర్ అబ్బాయి సంగతి. వాళ్ళ నాన్న వైపు వెతికితే పాత చర్చి రిజిస్టర్లలో జాన్ మిల్లర్లు డజన్ల కొద్దీ తేలారు, ఏ జాన్ మనవాడో పట్టుకోలేకపోయాం. అప్పుడు నాయనమ్మ వైపు చూశాం. ఇక్కడి రికార్డుల్లో మనకు కలిసొచ్చేది ఒకటుంది. పెళ్ళయినా ఆడవాళ్ళ పుట్టింటి పేరు పోదు. 1855 జనవరి 1 నుంచి జనన మరణాలు ప్రభుత్వం నమోదు చేస్తోంది. మరణ పత్రంలో కూడా తల్లి పుట్టింటి పేరు రాస్తారు. అలా ఒక్కో మెట్టు వెనక్కి వెళ్ళి 1851 జనాభా లెక్కల దాకా చేరాం. 1841 లెక్కల్లో ఈ కౌంటీలోనే పుట్టారా లేదా అని మాత్రమే అడిగారు. 1851లో ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలోని ఊళ్ళో, పుట్టారో రాశారు. నాయనమ్మ వైపు పూర్వీకురాలు ఒకామె పుట్టిన ఊరు అక్కడ దొరికింది: విగ్‌టౌన్. అంటే గాలోవే ప్రాంతం, నైరుతి మూల, సముద్రం పక్కన.

గాలోవేకి టార్టన్ ఉంది. ఇలా ప్రాంతం పేరుతో ఉండేవాటిని డిస్ట్రిక్ట్ టార్టన్లు అంటారు. అయితే అది 1950లో తయారైంది. ఆ ముసలమ్మ పుట్టిన వందేళ్ళ పైచిలుకు తర్వాత! నిజానికి కిల్ట్ అనేదే హైలండ్స్ వేషం, దక్షిణాన ఉన్న గాలోవే వాళ్ళది కాదు. మరి దీనికీ మాక్‌ఫార్లేన్‌కీ తేడా ఏంటని అబ్బాయే అడిగాడు. తేడా ఉంది. బట్ట కొత్తదే కావచ్చు, దాని మీది ఊరి పేరు మాత్రం నీ కాగితంలో ఉంది అన్నాను. రెండోదానికి షాపువాడి పట్టిక తప్ప ఆధారం లేదు.

మన్రో దొరని తీసుకోండి. కడప, అనంతపురం వాళ్ళకు చెప్పక్కర్లేదు, 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల కలెక్టరు, 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మన్రో వంశం భూములు ఉత్తరాన, క్రోమార్టీ తీరంలో. థామస్ మన్రో పుట్టిందేమో గ్లాస్గోలో, వ్యాపారి ఇంట్లో. ఆయనకు కిల్ట్ కుట్టమంటే నేనైతే గ్లాస్గో బట్టే తీస్తాను. కాదనేవాళ్ళుంటే భోజనాల దగ్గర పోట్లాడుకుందాం.

ఇంకో మాట. డిస్ట్రిక్ట్ అన్నారు కదా అని కలెక్టరాఫీసు జిల్లా అనుకోవద్దు. 2022లో ఆంధ్రలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినట్టే ఇక్కడా 1975లో ఒకసారి, 1996లో ఒకసారి సరిహద్దులు చెరిపి గీశారు. టార్టన్లు చాలామటుకు పాత ప్రాంతాల పేర్లనే పట్టుకున్నాయి. 2009 నుంచి ప్రభుత్వ టార్టన్ రిజిస్టరు ఉంది. వంశావళి కాగితాలు దాచే నేషనల్ రికార్డ్స్ వాళ్ళే దాన్నీ చూస్తారు. కాబట్టి ఊరు తేలాక నమూనా అక్కడే వెతుక్కోవచ్చు. ఆ ఊళ్ళో మా పూర్వీకులు లేరే అని మనవాళ్ళు టెన్షన్ పడక్కర్లేదు. బాల్మొరల్ లాంటి రాచకుటుంబం గళ్లు వదిలేస్తే, ప్రాంతం టార్టన్ ఎవరు కట్టినా అడిగేవాడు లేడు.

ఆ బల్ల మీద ముక్కలు పెట్టాను, చూడండి. నలుపు తెలుపు చిన్న గళ్లది సరిహద్దు ప్రాంతపు గొర్రెల కాపరులది. దగ్గరగా పట్టుకుంటే నల్ల పడుగు మీద తెల్ల పేక పడిన చోట రంగు కలిసిపోదు, సన్నటి ఏటవాలు గీతలు వరసగా కనిపిస్తాయి. రెండు పోగుల పైనుంచి, రెండు పోగుల కిందనుంచి పేక నడిపినందుకు ఆ వాలు. మన మద్రాసు రుమాల్లో ఒకటి పైన ఒకటి కింద, అందుకే అక్కడ చుక్కలు. పిల్లల్ని కూడా పిలిచి చూపించండి. కత్తెర మాత్రం ఎవరూ తీయకండి, సాయంత్రానికి ముక్కలు తిరిగి ఇచ్చేయాలి.