ఎడారి కథలో నాయిక బలం ఎక్కడుంది? యువ పాఠకుల ఫాంటసీపై ఒక సంభాషణ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. కౌమారంలో ఉన్న పాఠకుల కోసం రాసే ఫాంటసీ నవలల్లో ఎడారి నేపథ్యానికి చాలాకాలంగా ప్రత్యేకమైన ఆదరణ ఉంది. ఈ ఎపిసోడ్‌లో అలాంటి కథల్లోని నాయికల గురించి మాట్లాడుకోవడానికి, పిల్లల కోసం ఫాంటసీ రాస్తున్న ఒక రచయిత్రి మనతో ఉన్నారు. అమ్మా, ఎడారి కథలో నాయిక బలమైనదని మీరు ఎప్పుడు అంటారు?

అతిథి: నమస్కారమండీ. చేతిలో కత్తి ఉన్నంత మాత్రాన, నలుగురిని పడగొట్టినంత మాత్రాన నేను ఆ మాట అనను. ఎడారిలో అందరికంటే పెద్ద శత్రువు దాహం. తిత్తిలో ఎంత నీరు మిగిలింది, తర్వాతి బావి ఎంత దూరంలో ఉంది, ఆ బావి ఎవరిది, వాళ్లు మనల్ని తాగనిస్తారా అన్న ప్రశ్నలకు తానే జవాబు వెతుక్కుని, ఆ జవాబు మీద ఇతరుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని తెలిసి కూడా నిర్ణయం తీసుకోగలిగిన అమ్మాయినే నేను బలమైన నాయిక అంటాను.

వ్యాఖ్యాత: అలాంటి నాయిక మీకు ఏ నవలలో కనిపించింది?

అతిథి: అమెరికన్ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1971లో ప్రచురించిన ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’లో కనిపించింది. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రపు తూర్పు భాగంలో ఉన్న ఎడారిని చూసి వచ్చాక ఆమె ఈ కథ రాశారు. టెనార్ అనే పసిపిల్లను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, పేరు కూడా తీసేసి, ఎడారి మధ్యలో ఉన్న సమాధుల ఆలయానికి పూజారిణిని చేస్తారు. సమాధుల కింది గుహలో దీపం వెలిగించడం నిషిద్ధం. అందుకే ఆమె చేత్తో గోడలు తడుముకుంటూ, మలుపులు లెక్కపెట్టుకుంటూ ఆ చీకటి దారులన్నింటినీ కంఠస్థం చేస్తుంది. ఆమెకున్న మొదటి అధికారం ఈ జ్ఞాపకమే.

రెండో అధికారం నీరు. కథ మొదట్లో కొందరు ఖైదీలను ఆమె ముందుకు తెస్తారు. వాళ్లను ఎలా చంపాలో నిర్ణయించాల్సింది ఆమే కాబట్టి, వాళ్లకు తిండీ నీరూ ఇవ్వవద్దని ఆజ్ఞాపిస్తుంది. ఆ ఆజ్ఞ ఆమెను పీడకలలై వెంటాడుతుంది. తర్వాత గెడ్ అనే మాంత్రికుడు ఆ భూగర్భ దారుల్లో చిక్కుకుని దాహంతో కూలిపోయినప్పుడు, ఆచారం ప్రకారం అతన్ని చావనివ్వాల్సిన అమ్మాయి అతనికి నీళ్లు తెచ్చి ఇస్తుంది. ఏ యుద్ధం లేకుండా, ఒకే ఒక్క పాత్రలో ఇంత పెద్ద మార్పును నీటి ద్వారా చూపించిన ఘట్టం ఈ తరహా నవలల్లో మరొకటి నేను చదవలేదు.

వ్యాఖ్యాత: చివరికి ఆమెను బయటికి తీసుకువచ్చింది గెడ్ కాబట్టి, ఆమె నిజంగా స్వతంత్రురాలు కాదనే విమర్శ వినిపిస్తుంటుంది కదా?

అతిథి: ఆ విమర్శను నేను గౌరవిస్తాను కానీ అంగీకరించను. గుహ కూలిపోకుండా గెడ్ తన శక్తితో ఆపుతున్నప్పుడు దారి చూపింది టెనారే. ఆమె లేకపోతే అతను ఆ చీకటిలోనే మరణించేవాడు. పైగా లె గ్విన్ ఆ పాత్రను అక్కడితో వదిలేయలేదు. 1990లో వచ్చిన ‘టెహాను’ నవలలో టెనార్‌ను మధ్యవయసు స్త్రీగా మళ్లీ మన ముందుకు తెచ్చారు.

కత్తి పట్టిన నాయికే కావాలనుకునే పాఠకులు అమెరికన్ రచయిత్రి రాబిన్ మెకిన్లీ 1982లో రాసిన ‘ది బ్లూ స్వోర్డ్’ చదవవచ్చు. అందులో హ్యారీ అనే అమ్మాయిని ఎడారి రాజు ఎత్తుకుపోతాడు. అయితే ఆమె ఆ రాజ్యంలో యోధురాలిగా శిక్షణ పొంది, చివరకు అతని మాటను కూడా కాదని ఉత్తరపు కనుమను కాపాడటానికి వెళ్తుంది. అపహరణతో మొదలవడం ఈనాటి పాఠకులను కొంత ఇబ్బంది పెడుతుంది, అది సహజమే.

వ్యాఖ్యాత: ఇలాంటి స్త్రీలు కల్పనలోనే ఉంటారని కొందరు అంటారు.

అతిథి: చరిత్ర అలా చెప్పడం లేదండీ. సహారాలో నివసించే తువారెగ్ జాతివాళ్లు తిన్ హినాన్ అనే రాణిని తమ వంశానికి మూలమాతగా చెప్పుకుంటారు. అల్జీరియాలోని అబలెస్సా దగ్గర ఆమెదిగా భావించే సమాధిని 1925లో తవ్వినప్పుడు ఒక స్త్రీ అస్థిపంజరం, బంగారు వెండి కంకణాలు బయటపడ్డాయి. తువారెగ్ సంప్రదాయంలో గుడారం భార్యదే. విడాకులైతే భర్తే బయటికి వెళ్లాలి. ముఖానికి వస్త్రం చుట్టుకునేది కూడా మగవాళ్లే. ఏడో శతాబ్దంలో ఉత్తరాఫ్రికా కొండల్లో అరబ్ ఉమయ్యద్ ఖలీఫాల సైన్యాలను ఎదిరించిన, అక్కడి మూలవాసులైన బెర్బర్ల నాయకురాలు దిహ్యాను కూడా మరచిపోకూడదు.

ఇవన్నీ పక్కన పెట్టి, అరేబియానూ పర్షియానూ సహారానూ ఒకే సంతలో కలిపేసి, నాలుగు ఒంటెలను, ఒక అద్భుత దీపాన్ని చేర్చి ఎడారి కథ అనడం నాకు బాధ కలిగిస్తుంది. సహారాలో ఇసుక దిబ్బలున్న భాగం దాదాపు నాలుగో వంతే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం రాతి పీఠభూమి, గులకరాళ్ల మైదానం. అక్కడ నడిచే అమ్మాయి కాళ్లకు ఏమవుతుందో, రాత్రి చలికి ఆమె ఏం కప్పుకుంటుందో రచయితకు తెలిసి ఉండాలి.

వ్యాఖ్యాత: తెలుగులో ఇలాంటి నవల రాయాలనుకునే యువతకు ఆ వివరాలు ఎలా దొరుకుతాయి?

అతిథి: కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లారు. వాళ్లలో కొందరు ఎడారిలో గొర్రెలను, ఒంటెలను కాసినవారు, ఇళ్లల్లో పనిచేసిన స్త్రీలు కూడా ఉన్నారు. ఎడారి ఎండా గాలీ దాహమూ తెలుగులోనే చెప్పగలిగిన మనుషులు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లు చెప్పాలనుకుంటే, మర్యాదగా కూర్చుని వినాలి. వాళ్ల కష్టాన్ని అలంకారంగా మాత్రం వాడుకోకూడదు.

వ్యాఖ్యాత: రాయడం మొదలుపెట్టేవారు ముందుగా ఏం చేయాలంటారు?

అతిథి: రాజభవనం కంటే ముందు బావులు గుర్తించిన పటం గీసుకోమంటాను. ఒక బావికీ ఇంకో బావికీ మధ్య ఎన్ని రోజుల నడకో రాసుకోవాలి. తర్వాత వాటిలో ఒకటి ఎండిపోయిందని నిర్ణయించుకుని, ఆ సంగతి నాయికకు ముందు తెలుస్తుందా, ఆమె శత్రువుకు ముందు తెలుస్తుందా అని ఆలోచించాలి. మొదటి అధ్యాయం అక్కడి నుంచి రాయవచ్చు.