అపాచీ ముందుకు సాగేటప్పుడు హెల్మెట్ తెరను చదవడం

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. సిమ్యులేటర్‌లో అపాచీ డి రకం హెలికాప్టర్‌ను గాలిలో నిలపడం వచ్చినవారికి, అది ముందుకు సాగుతున్నప్పుడు హెల్మెట్ తెరను ఎలా చదవాలో చూపిస్తాను. 2019 సెప్టెంబరులో మన వాయుసేన పఠాన్‌కోట్‌లో చేర్చుకున్నవి దీని తరువాతి రకానివి.

కుడికంటి ముందుండే చిన్న అద్దంలో, అడ్డంగా 40 డిగ్రీలు, నిలువుగా 30 డిగ్రీల మేర కనిపించే ఈ తెర తలతోపాటే తిరుగుతుంది. తికమకంతా అక్కడే. అలిపిరి నుంచి కొండెక్కే బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోయలోకి చూస్తుంటే, మన చూపు ఒకవైపు, బస్సు పోయేది మరొకవైపు కదా! అందుకే ఏ గుర్తును చూసినా, అది తెరకు అతుక్కుని ఉన్నదా, బయట ఒక చోటును చూపుతున్నదా అని ముందు తేల్చుకోవాలి.

ముందుకు సాగేటప్పుడు వాడే ట్రాన్సిషన్ మోడ్‌కు తెరను మార్చండి. తెర మధ్య నుంచి బయలుదేరే గీత మన వేగం. గాలిలో నిలిచేటప్పుడు వాడే హోవర్ మోడ్‌లో 6 నాట్లకే (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) నిండిపోయే ఈ గీత, ఇక్కడ 60 నాట్ల వరకు పెరుగుతుంది. ఇది హెలికాప్టర్‌ను నడినెత్తిన నుంచి చూసినట్టు గీసిన బొమ్మ కాబట్టి, మీరు ఎటు చూసినా పై దిక్కు హెలికాప్టర్ ముక్కువైపే. గీత కుడికి వాలితే హెలికాప్టర్ కుడికి జారుతున్నట్టు. క్షితిజ రేఖ కూడా హెలికాప్టర్ వంపునే చెబుతుంది తప్ప, మీరు పక్కకు చూసినప్పుడు కనిపించే అసలు క్షితిజంతో కలవదు.

బయటి లోకానికి కట్టుబడిన ముఖ్యమైన గుర్తు, రెక్కలున్న చిన్న వలయం. ప్రస్తుత గమనం మారకపోతే హెలికాప్టర్ చేరే చోటు అదే.

ఎడమవైపు వేగం నాట్లలో, కుడివైపు రాడార్ ఎత్తు అడుగులలో ఉంటాయి. ఈ ఎత్తును నమ్మి మోసపోయేవారే ఎక్కువ. రేణిగుంట మైదానం నుంచి శేషాచలం కొండలవైపు సమతలంగా ఎగురుతున్నట్టు ఊహించుకోండి: మీరు కిందికి దిగకపోయినా, నేల పైకి లేస్తున్న కొద్దీ ఆ అంకె తగ్గుతుంది. రాడార్ కిందికే చూస్తుంది, ఎదుటి కొండగోడ దానికి తెలియదు. కనుక వలయం కొండ శిఖరం కన్నా పైన ఉన్నదో లేదో చూసుకోవాలి. కిందుంటే హెలికాప్టర్‌ను పైకి లేపే మీట, అంటే కలెక్టివ్, ఎత్తండి, అయితే ఇంజన్ల మీద పడే భారాన్ని చెప్పే, పైన ఎడమ మూలనున్న టార్క్ శాతాన్ని గమనిస్తూ.

హెలికాప్టర్ పక్కకు జారడాన్ని చూపే, తెర అడుగున ఉన్న బంతి ఎడమకు జరిగితే ఎడమ పెడల్, కుడికి జరిగితే కుడి పెడల్ తొక్కండి.

ఇప్పుడు నేను తలను ఎడమకు తిప్పుతున్నాను, గమనించండి: వేగం గీత కదలకుండా పైకే నిలిచి ఉంది, వలయం మాత్రం కుడివైపుకు జారిపోతోంది.