మంత్రగత్తె, వేటగాడు: ఈ ప్రేమను నమ్మాలంటే ఏం కావాలి?

(చర్చలో పాల్గొన్నవారు: ఫాంటసీ నవలలు రాసే రచయిత్రి, సాహిత్య విమర్శకుడు, యూరప్ చరిత్ర బోధించే అధ్యాపకురాలు, ఈ తరహా కథలు విరివిగా చదివే యువ పాఠకురాలు.)

యాంకర్: నమస్కారం. ఒక మంత్రగత్తె. ఆమెను చంపడానికి బయలుదేరిన ఒక వేటగాడు. మొదటి అధ్యాయంలో అతని కత్తి ఆమె మెడ మీద ఉంటుంది. చివరికొచ్చేసరికి ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చేదాకా వస్తారు. ఫాంటసీ రొమాన్స్‌లో ఎనిమీస్ టు లవర్స్, అంటే శత్రువులే ప్రేమికులయ్యే కథలు అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చే జంటల్లో ఇదొకటి. పాఠకురాలితోనే మొదలుపెడదాం. ఈ కథలో మిమ్మల్ని అంతగా లాగేదేంటి?

పాఠకురాలు: వాళ్లు ఒకరినొకరు గమనించుకునే తీరు అండీ. అతను ఆమెను నెలల తరబడి వెంటాడి ఉంటాడు. ఏ దారిన నడుస్తుంది, ఏ వేరు ఎప్పుడు తవ్వుతుంది, భయమేస్తే ఎటు పరిగెడుతుంది, అన్నీ తెలుసు. ఆమె కూడా తక్కువది కాదు. అడుగుల చప్పుడు విని అతనికి ఏ కాలు నొప్పిగా ఉందో చెప్పేస్తుంది. ఇంట్లోవాళ్లకి కూడా వాళ్లు అంతగా తెలిసి ఉండరు. మామూలు ప్రేమకథలో పరిచయానికే సగం పుస్తకం అయిపోతుంది. ఇక్కడ పరిచయం పూర్తయ్యాకే కథ మొదలవుతుంది. రాత్రంతా మేలుకుని చదవడానికి నాకు అది చాలు.

విమర్శకుడు: నా అభ్యంతరం కూడా అక్కడే ఉందమ్మా. వేటాడేవాడూ కన్నార్పకుండా చూస్తాడు, ప్రేమించేవాడూ కన్నార్పకుండా చూస్తాడు. చాలా నవలలు ఈ పోలిక దొరకగానే ఇక పని అయిపోయిందనుకుంటాయి. పొగరున్న ఇద్దరు ఒకరినొకరు అపార్థం చేసుకుని, తర్వాత దగ్గరయ్యే కథలు వేరు. అక్కడ ఒక ఉత్తరం, ఒక క్షమాపణ సరిపోతుంది. ఇక్కడ అతని చేతికి నెత్తురుంది. ఆమె గురువునో, అక్కనో, స్నేహితురాలినో అతనూ అతని మనుషులూ చంపి ఉంటారు. దాన్ని పక్కన పెట్టి, గుహలో చలిమంట దగ్గర ఒకే దుప్పటి కప్పుకున్నారు అని రాస్తే నేను నమ్మలేను.

రచయిత్రి: నమ్మకపోవడంలో తప్పులేదు సార్. ఆ దుప్పటి సీను నేనూ రాశాను, ఇంకా రాస్తాను, నాకది ఇష్టం. కానీ ఆ రాత్రి వాళ్లిద్దరి మధ్య చనిపోయినవాళ్లు కూడా పడుకుని ఉంటారు. ఆ సంగతి రాసేవాళ్లకి తెలిసి ఉండాలి.

యాంకర్: మేడమ్, మీరు చరిత్ర చెబుతారు. కథల్లో ఈ వేటగాడు నల్ల కోటు వేసుకుని, గుర్రమెక్కి, ఒంటరిగా తిరుగుతుంటాడు. నిజంగా అలాంటివాళ్లు ఉండేవారా?

అధ్యాపకురాలు: అలా దాదాపు లేరు. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో మంత్రగత్తెలన్న నేరం మోపి చంపినవాళ్లు 40 వేల నుంచి 60 వేల మంది ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో సుమారు ముప్పావు వంతు ఆడవాళ్లు. వీళ్లని పట్టించింది ఎక్కడినుంచో వచ్చిన వేటగాడు కాదు, ఎక్కువగా పొరుగువాళ్లు. పాలు విరిగాయి, దూడ చచ్చింది, పసిబిడ్డ పోయింది, నిన్న ఫలానా ఆమె గుమ్మం ముందు నిలబడి తిట్టింది... ఇలా మొదలయ్యేది. ఆ తర్వాత న్యాయాధికారి, మతాధికారి, గుమాస్తా వచ్చేవారు. 1782లో స్విట్జర్లాండ్‌లోని గ్లారస్‌లో శిరచ్ఛేదానికి గురైన అన్నా గోల్డి ఒక ఇంట్లో పనిమనిషి. ఆమె మీద నేరం మోపింది ఆ ఇంటి యజమానే. ఆమె నిర్దోషి అని అక్కడి పార్లమెంటు ప్రకటించింది 2008లో.

పాఠకురాలు: అంటే 226 ఏళ్ల తర్వాతా?

అధ్యాపకురాలు: అవును. మీ కథల్లోని వేటగాడికి కాస్త దగ్గరగా వచ్చేవాడంటే ఇంగ్లండ్‌లో మాథ్యూ హాప్కిన్స్. 1645 నుంచి రెండేళ్లపాటు తూర్పు జిల్లాల్లో ఊరూరా తిరిగాడు. ఊళ్లు అతనికి డబ్బిచ్చేవి. అక్కడ చిత్రహింస చట్టానికి విరుద్ధం కాబట్టి, నిందితుల్ని రోజుల తరబడి నిద్రపోనివ్వకుండా కూర్చోబెట్టేవారు. నీళ్లలోకి దించి తేలుతారా మునుగుతారా అని చూసేవారు. ఒంటి మీద మచ్చలు వెతికేవారు. ఇది జరిగింది ఎక్కువగా పేదవాళ్లకి, ముసలివాళ్లకి. వేటగాడిని ఎంత అందంగా వర్ణించినా సరే, అతని సంచిలో ఈ పనిముట్లన్నీ ఉన్నాయని నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

రచయిత్రి: ఇక్కడ ఒక తేడా చెప్పాలి మేడమ్. చరిత్రలో ఆ ఆడవాళ్లకి ఏ శక్తీ లేదు. ఫాంటసీలో మంత్రగత్తెకి నిజంగా శక్తి ఉంటుంది. ఒక మాటతో పంటంతా ఎండబెట్టగలదు అనుకోండి, అప్పుడు అతని భయాన్ని మూఢనమ్మకం అనలేం. నేను ఏ నవల మొదలుపెట్టినా ముందు తేల్చుకునేది ఇదే: నా లోకంలో మంత్రం వల్ల మనుషులకి హాని జరిగిందా, లేదా? జరగకపోతే వేటగాడు హంతకుడు, అతనికి ప్రేమకథ ఇవ్వడం చాలా కష్టం. జరిగితే అది రెండు పక్షాల యుద్ధం. ఇద్దరూ చనిపోయినవాళ్ల లెక్క మోసుకుని వస్తారు. ఈ రెండోదాంట్లోనే నాకు ఊపిరాడుతుంది.

విమర్శకుడు: అందుకేగా ప్రతివాడికీ చిన్నప్పుడు మంత్రగత్తె తల్లిని చంపేసిందని పెడతారు.

రచయిత్రి: పెడతారు, అది సులువైన దారి. అతని ద్వేషం అంతా ఒక్క దుర్ఘటన మీద నిలబెడితే, ఆ ఘటనలో ఒక అబద్ధం బయటపడగానే ద్వేషం కూడా కుప్పకూలిపోతుంది. "మీ అమ్మని చంపింది మేం కాదు" అన్న ఒక్క మాటతో కథ అయిపోతుంది. దానికన్నా అతన్ని ఆ పనిలో పెంచి ఉంటే బాగుంటుంది. అతను చదివిన పుస్తకం, మెచ్చుకున్న గురువు, నెలనెలా వచ్చే జీతం, పక్కన నిలబడి గాయానికి కట్టు కట్టిన స్నేహితులు. వాళ్లందరినీ వదులుకోవాల్సి వస్తే అప్పుడు మార్పుకి బరువుంటుంది.

యాంకర్: మార్పు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నిజంగా మారిన వేటగాడు చరిత్రలో ఎవరైనా ఉన్నారా?

అధ్యాపకురాలు: ఉన్నారు, నాకు చాలా ఇష్టమైన మనిషి. స్పెయిన్‌లో అలోన్సో దె సలజార్ ఫ్రియాస్ అని ఇంక్విజిషన్ న్యాయాధికారి. ఇంక్విజిషన్ అంటే మత నేరాల్ని విచారించే కాథలిక్ చర్చి న్యాయస్థానం. 1610లో లొగ్రోన్యో పట్టణంలో జరిగిన విచారణలో ముగ్గురు న్యాయాధికారుల్లో ఇతనొకడు. ఆరుగురిని సజీవంగా కాల్చారు. అప్పటికే చనిపోయిన మరో ఐదుగురి బొమ్మల్ని కాల్చారు. ఆ తీర్పుల్లో ఇతని భాగమూ ఉంది, కొంత అనుమానమూ ఉంది. మరుసటి ఏడాది స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతపు కొండ పల్లెల్లో తిరుగుతూ, తాము మంత్రగత్తెలమని చెప్పుకున్న 1,800 మందికి పైగా విచారించాడు. వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. మంత్రపు లేపనాలని తెచ్చినవాటిని పరీక్ష చేయించాడు, ఏమీ లేదు. అర్ధరాత్రి సభలు జరిగాయన్న చోట్లకి మనుషుల్ని పంపి చూశాడు, ఏమీ లేదు. ఈ విషయం మాట్లాడటం, రాయడం మొదలయ్యేదాకా అక్కడ మంత్రగత్తెలూ లేరు, వాళ్ల బారిన పడ్డవాళ్లూ లేరు అని నివేదిక రాశాడు. 1614లో స్పెయిన్ ఇంక్విజిషన్ కొత్త నిబంధనలు పెట్టడానికి ఆ నివేదికలే కారణం. ఆ తర్వాత అక్కడ ఇంక్విజిషన్ చేతుల మీదుగా ఈ కాల్చివేతలు ఆగిపోయినట్టే.

పాఠకురాలు: ఆయన ఎవరినైనా ప్రేమించాడా?

అధ్యాపకురాలు: లేదమ్మా. వెళ్లి చూశాడు, లెక్క చూసుకున్నాడు, అంతే.

విమర్శకుడు: నేను చాలాకాలంగా చెప్పాలనుకుంటున్నది మేడమ్ నోట వచ్చింది. ఈ కథల్లో వేటగాడు ఒక మంత్రగత్తెను ప్రేమిస్తాడు, ఆమెను చంపకుండా వదిలేస్తాడు. సరే. మరి రెండో మంత్రగత్తె సంగతేంటి? ముసలిది, కోపిష్ఠిది, అందం లేనిది, అతన్ని చూసి ఉమ్మేసేది. ఆమె దొరికితే ఏం చేస్తాడు? ఆమె మీద కత్తి ఎత్తేవాడైతే అతను మారలేదు, తన ప్రియురాలికి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. ఏ నవల చదివినా నేను ఆ రెండో మనిషి కోసం వెతుకుతాను. చాలావాటిలో ఆమె ఉండనే ఉండదు.

రచయిత్రి: (కొంచెం ఆగి) ఈ మాట నేను రాసి పెట్టుకుంటాను సార్. నిజంగా.

పాఠకురాలు: నేను ఒప్పుకోలేను, క్షమించండి. మీరు చెప్పినట్టు అతను ముందే న్యాయంగా మారిపోతే ఇక ప్రేమ చేసిందేముంది? నన్ను ఏడిపించేది ఏంటంటే, లోకమంతా చెప్పినా వినని మనిషి ఒక్క ఆమె కోసం విన్నాడు. ఆ ఆనందం కోసమే కదా రొమాన్స్ చదివేది. అందరికీ మంచివాడయ్యే మనిషి కథ కావాలంటే ఇంకో పుస్తకం చదువుకుంటాను.

విమర్శకుడు: నీ కోసం మారాడన్న ఆనందం ఎంతకాలం ఉంటుంది? రేపు నీ మీద కోపం వస్తే?

పాఠకురాలు: ...అది భయమే. ఒప్పుకుంటాను.

రచయిత్రి: ఇద్దరి మాటా నిలబెట్టే వరస ఒకటి ఉంది. ప్రేమ అతని కళ్లు తెరిపించనివ్వండి, తప్పులేదు. ఆమెను చూశాకే మంత్రగత్తె కూడా మనిషేనని తెలిసింది అనుకుందాం. కానీ ఆమె దగ్గర లేనప్పుడు, ఆమెకు ఎప్పటికీ తెలియనప్పుడు, ఆ రెండో మంత్రగత్తె ఎదురవ్వాలి. అక్కడ అతనేం చేస్తాడో పాఠకులు మాత్రమే చూడాలి. ప్రేమ ప్రకటించే సీను దాని తర్వాత రావాలి. ముందు వస్తే నాకు ఆ మాటల మీద నమ్మకం ఉండదు.

యాంకర్: ఆ మనిషిని అతను కాపాడలేకపోతే?

రచయిత్రి: ఇంకా మంచి కథ. కాపాడాలనుకుని, భయపడి, తలుపు దగ్గరే ఆగిపోయాడు. తర్వాత నాయికకి నిజం చెప్పాడు. ఆమె ఆ రాత్రే వెళ్లిపోయింది. నా దృష్టిలో అక్కడినుంచి అసలు ప్రేమకథ.

యాంకర్: ఈ కథల్లో ఎప్పుడూ వచ్చే ఇంకో సీను, బందీగా పట్టుకోవడం. సంకెళ్లు, ఒకే గది, ఒకే మంచం...

పాఠకురాలు: ఒకే మంచం మాకు వదిలేయండి, ప్లీజ్!

రచయిత్రి: మంచం ఉంచుకోండి. సంకెళ్ల విషయంలో మాత్రం నేను చాలా కచ్చితంగా ఉంటాను. తాళంచెవి ఒకరి జేబులో ఉన్నంతసేపు నా నవలలో ముద్దు ఉండదు. బందీ నవ్వడానికి, మెత్తగా మాట్లాడటానికి వంద కారణాలుంటాయి, అన్నిటికన్నా పెద్దది బతకాలన్న ఆశ. అతను తాళం తీయాలి, ఆమె వెళ్లగలగాలి, వెళ్లాలి కూడా. తనంతట తాను తిరిగొచ్చిన రోజు ఆమె మనసు మొదటిసారి తెలుస్తుంది. ఆమె అతన్ని బంధించినా ఇదే నియమం.

విమర్శకుడు: ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఈ జంటకి మాత్రమే ఉండే ఇంకో చిక్కు కూడా ఉంది. దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ఆమె మంత్రగత్తె. తనకు కలిగిన ప్రేమ తనదేనని అతనికి ఎలా తెలుస్తుంది? చిన్నప్పటినుంచి అతనికి నేర్పిందే అది: వాళ్లు మనసు మారుస్తారు, కలలోకి వస్తారు, నమ్మకు. ఇప్పుడు గుండె వేగం పెరిగిన ప్రతిసారీ ఇది ఆమె పెట్టిన మంత్రపు మందు ప్రభావమేమో అనుకుంటాడు.

రచయిత్రి: ఆమెకూ అదే టెన్షన్. మంచిగా ఉన్నాడంటే ఇది వల అయ్యుండొచ్చు. వేటగాళ్లకు ఓపిక నేర్పుతారు కదా. ఇద్దరిలో ఎవరూ నిరూపించలేరు. మంత్రం పనిచేయని చోటికి తీసుకెళ్లి, అక్కడ కూడా ప్రేమ ఉందని చూపించే ఉపాయం చాలామంది వాడతారు. బాగానే ఉంటుంది కానీ అనుమానం ఒక్క దెబ్బతో తీరిపోతుంది. నాకు తీరకపోవడం ఇష్టం. "నువ్వు నామీద మంత్రం వేశావా?" అని అతను అడగాలి. "లేదు. కానీ నేనెలా నిరూపించను?" అని ఆమె అనాలి. ఆ తర్వాత కూడా అతను కత్తి పక్కనపెట్టి నిద్రపోవాలి. ఆ నిద్ర కన్నా పెద్ద ప్రేమ ప్రకటన నేను రాయలేను.

పాఠకురాలు: ఇది రాయండి మేడమ్. ఎన్ని పేజీలైనా చదువుతాను.

అధ్యాపకురాలు: నాది ఒక్క విన్నపం. ఆమెను మరీ అమాయకురాలిని చేయకండి. ఆమెకూ కోపం ఉండనివ్వండి. వేటగాళ్లకి కూడా ఇళ్లు, పిల్లలు ఉంటారు. ఆమె చేతిలో చనిపోయినవాడి భార్య ఒక అధ్యాయంలో ఎదురుపడితే ఏం మాట్లాడుతుందో నాకు చదవాలని ఉంది.

యాంకర్: చివరి ప్రశ్న ఒక ప్రేక్షకురాలు పంపారు. "చాలా కథల్లో చివరికి మంత్రగత్తె శక్తి పోతుంది, మామూలు మనిషై అతనితో సంసారం చేసుకుంటుంది. ఇది సంతోషమైన ముగింపేనా?"

విమర్శకుడు: కాదు. వేటగాళ్లు మొదటినుంచీ కోరుకున్నది అదే. కత్తితో కానిది పెళ్లితో అయింది, అంతే తేడా.

పాఠకురాలు: ఈ ఒక్కదాంట్లో సార్‌తో నేను పూర్తిగా ఉన్నాను. శక్తి పోయిన పుస్తకాలు మళ్లీ తెరవను.

రచయిత్రి: ఇప్పుడు రాస్తున్నదాంట్లో ఆమె శక్తి అలాగే ఉంటుంది, ఇంకా పెరుగుతుంది. అతనికి మాత్రం పని లేదు. వేట తప్ప ఇంకేమీ రానివాడు. మంత్రగత్తెల ఊళ్లో ఎవరూ అతన్ని భోజనానికి పిలవరు, పిలవాలని కూడా నేను రాయను. కొందరు ఎప్పటికీ క్షమించరు, వాళ్లకి ఆ హక్కుంది. అతను వాళ్ల కంచెలు బాగుచేస్తూ బతుకుతాడు. ఆమె అతన్ని ప్రేమిస్తుంది, వాళ్ల తరఫున మాత్రం క్షమించదు. ఇక్కడిదాకా వచ్చాను. ఆ రెండో మంత్రగత్తెను ఏ అధ్యాయంలో పెట్టాలన్నది ఇక చూడాలి. సార్ అడిగాక తప్పదు.

యాంకర్: రాసినప్పుడు మళ్లీ ఇక్కడికే పిలుస్తాం. నలుగురికీ ధన్యవాదాలు.